హైలక్స్‌కి పెద్ద అల్యూమినియం ట్రాన్స్‌మిషన్ పాన్: ఘాట్ వేడికి ఎంతవరకు పనికొస్తుంది

ఆటోమేటిక్ బండి నడిపేవాళ్లలో ఎక్కువమందికి ఇంజన్ వేడి చూపించే ముల్లు తెలుసు గాని, గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడిగా ఉందో చూసే అలవాటు లేదు. చూద్దామన్నా మన దగ్గర అమ్మే చాలా బళ్లలో దానికి ముల్లే ఇవ్వరు, బాగా మితిమీరాక ఒక వార్నింగ్ లైటు వెలుగుతుంది, అంతే. మైదానంలో తిరిగేవాళ్లకి పరవాలేదేమో గాని, విశాఖలో ఉంటూ తరచూ అరకు వైపో పాడేరు వైపో ఎక్కేవాళ్లకి ఇది వదిలేసే విషయం కాదు. నా టయోటా హైలక్స్ పికప్‌కి ఈ మధ్య పెద్ద అల్యూమినియం పాన్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, వేయించాను, దాని గురించి ఫోన్లు చేసి అడుగుతున్నవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, పాన్ నాకు బాగా నచ్చింది, కానీ పాన్ మార్చేస్తే గేర్‌బాక్స్ చల్లబడిపోతుందని నమ్మి మాత్రం కొనకండి. దాని అసలు ఉపయోగం వేరే చోట ఉంది.

అసలు వేడి ఎక్కడ పుడుతోందో చూడాలి ముందు. మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా పట్టుకుంటుంది. ఆటోమేటిక్‌లో ఆ పని టార్క్ కన్వర్టర్‌ది. దాని లోపల ఇంజన్ వైపున్న రెక్కల చక్రం ఆయిల్‌ని విసురుతుంది, ఆ ఆయిల్ తోపుకి గేర్‌బాక్స్ వైపున్న చక్రం తిరుగుతుంది. రెండూ ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపూ పెద్దగా వేడి ఉండదు, ఒకటి గబగబా తిరిగి ఇంకొకటి వెనకబడితే ఆ తేడాలో పోయిన శక్తంతా వేడిగా మారి ఆయిల్లోనే కలుస్తుంది. హైవే మీద లాకప్ క్లచ్ పడి రెండు చక్రాల్నీ కలిపేస్తుంది కాబట్టి అనకాపల్లి దాటి తుని వైపు 90లో గంటసేపు వెళ్లినా ఆయిల్‌కి ఏమీ కాదు. అదే ఘాట్‌లో లోడు లారీ వెనక 15, 20 స్పీడులో రెండో గేరులో పాకుతుంటే లాకప్ పడదు, ఇంజన్ లాగుతూనే ఉంటుంది, ముందునుంచి కొట్టే గాలి ఉండదు. గాజువాక జంక్షన్‌లో కంటైనర్ ట్రైలర్ల మధ్య ఆగుతూ కదులుతూ ఉండటం కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ లాగే బరువు తక్కువ కాబట్టి వేడి నెమ్మదిగా పెరుగుతుంది.

మన హైలక్స్ 2.8 డీజిల్‌కి ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చారు, మాన్యువల్‌కి 420 మాత్రమే. బండి బరువే రెండు టన్నుల పైన. దాని మీద నా బండికి వెనక కెనోపీ, పైన టెంటు, నీళ్ల ట్యాంకు, పనిముట్ల పెట్టె. మా బావ పాడేరులో టీచరు, ఆయన సామాను ఏదో ఒకటి ఎప్పుడూ నా బండిలోనే పైకి వెళ్తుంది. చోడవరం, మాడుగుల దాటి గరికబంద దగ్గర ఎక్కుడు మొదలైనప్పటినుంచి పైకి చేరేదాకా గేర్‌బాక్స్‌కి ఊపిరి తీసుకునే చోటు దాదాపు ఉండదు. మోదకొండమ్మ పాదాల దగ్గర అందరూ ఆగి దండం పెట్టుకుంటారు కదా, బళ్లకి కూడా అక్కడ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

బండి కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ పోర్టుకి ఒక చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్లో యాప్ వేసుకుంటే గేర్‌బాక్స్ టెంపరేచర్ కనిపిస్తుంది. పాన్ గురించి ఆలోచించే ముందు ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని ఇదే, పెద్ద ఖర్చు కూడా కాదు. నా బండిలో రెండు రీడింగులు వస్తాయి, ఒకటి పాన్‌లో ఉన్న ఆయిల్‌ది, ఇంకొకటి కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే ఆయిల్‌ది. ఈ రెండో అంకె చూస్తే గుండె ఝల్లుమంటుంది. పాన్‌లో 98 ఉన్నప్పుడు కన్వర్టర్ దగ్గర 120 దాటి ఉంటుంది, ఒక మలుపులో గట్టిగా తొక్కితే ఇంకా పైకి పోతుంది, లారీని దాటేసి స్పీడు అందుకోగానే టకటకా దిగిపోతుంది. పాన్ అంకె మాత్రం అంత తొందరగా ఎక్కదు, ఎక్కాక అంత తొందరగా దిగదు.

ఏటీఎఫ్, అంటే ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, గురించి మెకానిక్కులు చెప్పుకునే పాత లెక్క ఒకటుంది. 80 డిగ్రీల దగ్గర ఆయిల్‌కి పూర్తి ఆయుష్షు, అక్కడినుంచి ప్రతి 11 డిగ్రీలకి ఆయుష్షు సగం సగం అవుతూ పోతుంది. 115 దగ్గర లోపల వార్నిష్‌లా జిగట పూత పట్టడం మొదలవుతుంది, 127 దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, 145 దగ్గరికి వెళ్తే క్లచ్ ప్లేట్లు జారతాయి. ఇది పాతకాలపు ఆయిళ్లకి వేసిన లెక్క, ఇప్పుడు టయోటా వాడే డబ్ల్యూఎస్ లాంటి ఆయిళ్లు ఇంకాస్త తట్టుకుంటాయి. అయినా లెక్కలోని దిశ మారదు. ఘాట్‌లో అప్పుడప్పుడూ 105 కనబడితే కంగారు పడక్కర్లేదు, ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చుంటే మాత్రం పట్టించుకోవాలి.

నేను మొదట వేయించింది పాన్ కాదు, కూలర్. రేడియేటర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించాను. ఘాట్‌లో పాన్ రీడింగు 108, 110 దాకా వెళ్లేది 95 చుట్టూ నిలబడటం మొదలుపెట్టింది. ఆ తేడా తెచ్చింది కూలరే, అందులో అనుమానం లేదు. ఎవరైనా నా దగ్గరికి వచ్చి డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి, ఏది వేయించమంటావు అంటే రెండో మాట లేకుండా కూలరే అంటాను.

మరి పాన్ ఎందుకంటే, పాతది మార్చక తప్పని స్థితికి వచ్చింది. మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. విశాఖలో సముద్రం పక్కన ఉండే ఎవరినడిగినా చెబుతారు, గేటు కమ్మీలు, కిటికీ బోల్టులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ స్టాండు, ఏదీ నిలవదు. బండి కింద ఇనప రేకు పాన్ కూడా అంతే. రాళ్లు తగిలి పెయింటు ఊడిన చోట్ల తుప్పు పట్టి, అంచు దగ్గర గాస్కెట్ పక్కన నూనె చెమ్మ కనబడటం మొదలైంది. రేకు పాన్‌కి ఇంకో జబ్బు ఉంది. ఎవరో ఒకరు బోల్టులు మరీ బిగించేస్తే ప్రతి బోల్టు దగ్గరా అంచు లోపలికి గుంట పడి, మధ్యలో పైకి లేస్తుంది, ఆ తర్వాత ఎన్ని గాస్కెట్లు మార్చినా కారుతూనే ఉంటుంది. ఎలాగూ మార్చాలి కదా అని పోత అల్యూమినియం పాన్ తెప్పించాను. ఆస్ట్రేలియాలో ఈ బళ్లతో కారవాన్లు లాగుతారు, అందుకే ఇలాంటి సామానుకి అక్కడ మంచి మార్కెట్ ఉంది.

గాజువాక ఆటోనగర్‌లో నా బండి చూసే మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి బాబూ, దీనికింత డబ్బెట్టి అంత దూరం నుంచి తెప్పించాలా, పాత పాన్ అడుగు కోసేసి రెండంగుళాల డబ్బా వెల్డింగు కొట్టేస్తే సరిపోద్ది కదా" అన్నాడు. ఆయన చేతి పని మీద నాకు ఎంత గౌరవమున్నా దీనికి మాత్రం ఒప్పుకోలేదు. "మేస్త్రి గారూ, రేకు పల్చన, వెల్డింగు వేడికి అంచు వంకర పోతుంది, లోపల ఒక్క వెల్డింగు ముక్క మిగిలిపోయినా అది ఫిల్టర్ దగ్గరికే పోతుంది" అన్నాను. కాసేపు ఆలోచించి "అదీ నిజమేలెండి" అని పాన్ బెంచీ మీద బోర్లా పెట్టి, అంచు కింద ఫీలర్ గేజు, అంటే సందు కొలిచే పల్చటి రేకు, దూరుతుందేమో చుట్టూ చూసుకుంటూ వచ్చాడు. ఎక్కడా దూరలేదు. అంచు అంత చదునుగా ఉండటం పోత పాన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

ఇప్పుడు చల్లదనం లెక్కకొద్దాం, ఎందుకంటే ప్రకటనల్లో ఊదరగొట్టేది ఇదే. కొత్త పాన్‌లో పాతదాని కన్నా రెండు లీటర్లు ఎక్కువ పడుతుంది. రెండు లీటర్ల ఏటీఎఫ్ బరువు సుమారు 1.7 కిలోలు. కిలో ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2 కిలోజౌల్స్ కావాలి. అంటే ఆ రెండు లీటర్లూ 20 డిగ్రీలు పెరగడానికి 70 కిలోజౌల్స్ చాలు. ఘాట్‌లో కూలర్ తీసుకోలేక మిగిలిపోతున్న వేడి 3 కిలోవాట్లు అనుకుందాం, అప్పుడు ఈ అదనపు ఆయిల్ ఆపగలిగేది పాతిక సెకన్లలోపే. పాన్ లోహం కూడా నాలుగైదు కిలోలుంటుంది, అదీ ఇంచుమించు అంతే వేడి మింగుతుంది. రెండూ కలిపినా నిమిషం లోపు. అరగంట ఎక్కుడుకి ఒక నిమిషం! ఎక్కువ ఆయిల్ పోస్తే చల్లగా ఉంటుందనే మాట ఇక్కడితో తేలిపోతుంది. చిన్న ఫ్లైఓవర్ ఎక్కడానికో, సిగ్నల్ దగ్గర ఆగి కదలడానికో అది కాస్త అడ్డం పడుతుంది గాని కొండకి చాలదు.

ఇక అల్యూమినియం గొప్పతనం. ఇనుము కన్నా రెండు మూడు రెట్లు బాగా వేడిని దాటిస్తుంది, అది నిజం. కానీ పాత పాన్ పల్చటి రేకు, దానిలోంచి కూడా వేడి ఇట్టే దాటుతుంది. వేడి ఆగిపోయేది లోహంలో కాదు, లోహం నుంచి గాలిలోకి దూకాల్సిన చోట. అక్కడ లెక్కలోకి వచ్చేవి రెండే, గాలికి తగిలే విస్తీర్ణం ఎంత, తగిలే గాలి వేగం ఎంత. ఇలా బయటివైపు రెక్కలున్న పాన్ ఆ విస్తీర్ణాన్ని రెట్టింపు చేసిందనుకున్నా, బండి స్పీడులో ఉన్నప్పుడు కొన్ని వందల వాట్లు ఎక్కువ పోతాయి. ముందున్న కూలర్ కిలోవాట్లలో పంపిస్తుంది. అందుకే పాన్ వేయించాక నాకు హైవే మీద నాలుగైదు డిగ్రీలు తగ్గింది, ఘాట్‌లో లారీ వెనక పాకుతున్నప్పుడు రెండు మూడు డిగ్రీలకి మించి తేడా కనబడలేదు. గాలి లేనిచోట రెక్కలేం చేస్తాయి పాపం.

గాలి అంటే గుర్తొచ్చింది, ఆఫ్‌రోడ్ మోజుతో కింద ఇనప గార్డు వేయించుకున్నవాళ్లు ఒకసారి బండి కిందకి దూరి చూడండి. గార్డు పాన్‌ని పూర్తిగా కప్పేస్తే ఖరీదైన రెక్కలు మూసిన పెట్టెలో ఉన్నట్టే లెక్క. నా గార్డుకి పాన్ కింద పొడుగు కన్నాలు కోయించి, వెనక వైపు తెరిపించాను. గార్డు అసలు తీసేయడం కూడా సరైన పని కాదు, ఎందుకంటే లోతు పాన్ కిందకి ఎక్కువ దిగుతుంది, పైగా పోత అల్యూమినియం రాయి తగిలితే రేకులా సొట్ట పడదు, పగులుతుంది. అడవిలో పాన్ పగిలిందంటే ఆయిల్ మొత్తం రోడ్డు పాలు, బండి అక్కడికక్కడే.

ఇంత చెప్పాక ఉపయోగం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఆయిల్ మార్చినప్పుడు పాన్‌లో ఉన్నదే బయటికొస్తుంది, కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉన్నది లోపలే ఉండిపోతుంది. పాన్ పెద్దదైతే ఒక్కో డ్రెయిన్‌కి పాత ఆయిల్ ఎక్కువ భాగం పోయి కొత్తది ఎక్కువ చేరుతుంది. రెండు మూడు సర్వీసులకి లోపలి ఆయిల్ బాగా శుభ్రపడుతుంది. ఎక్కువ ఆయిల్ ఉంటే క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి కూడా పల్చబడుతుంది. ఏటవాలు మీద, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగినా ఫిల్టర్ మూతి గాలి పీల్చకుండా మునిగే ఉంటుంది. మా దారుల్లో ఇది చిన్న లాభం కాదు. నన్నడిగితే పాన్‌కి పెట్టిన డబ్బు వీటికే పెట్టినట్టు.

పాత పాన్ దించినప్పుడు లోపల మూలల్లో ఉండే అయస్కాంతాలు చూశాం. మీద కాటుకలా మెత్తటి నల్లటి ముద్ద పట్టి ఉంది. మేస్త్రి దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు, గరుకు తగల్లేదు. అలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే ఇనప పలుకులో, మెరిసే ముక్కలో దొరికితే మాత్రం కొత్త పాన్ పక్కన పెట్టి ముందు గేర్‌బాక్స్ విప్పించుకోవాలి.

బిగించడంలో అందరూ జాగ్రత్త పడాల్సింది ఆయిల్ లెవెల్ దగ్గర. ఈ గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్ ఉండదు. పాన్ అడుగున ప్లగ్గు, దాని పైన లోపల నిలబడి చిన్న గొట్టం ఉంటాయి. ఆయిల్ ఆ గొట్టం మూతి దాటితే పొంగి బయటికి కారుతుంది, కారడం సన్నబడి చుక్కలు పడుతుంటే లెవెల్ సరిపోయినట్టు. లోతు పాన్‌లో అడుగు కిందకి దిగింది కాబట్టి గొట్టం కూడా అంత పొడుగు ఉండాలి. పాత పొట్టి గొట్టం అందులో పెడితే ఆయిల్ లెవెల్ కూడా అంత కిందకి పోతుంది, ఎక్కుడులో పంపు గాలి పీల్చి నురగ కడుతుంది, చల్లబడ్డం మాట అటుంచి గేర్‌బాక్స్ పాడవుతుంది. అందుకే మేం రెండు పాన్లూ పక్కపక్కన పెట్టి, గాస్కెట్ కూర్చునే అంచు మీద ఒక స్కేలు అడ్డంగా ఆనించి, అక్కడినుంచి గొట్టం మూతి దాకా లోతు కొలిచాం. రెండింట్లోనూ ఒకే కొలత రావాలి, వచ్చింది. ఫిల్టర్ మూతి కూడా అంతే, కొత్త అడుగుకి తగ్గట్టు కిందకి దిగేలా కిట్‌లో పొడిగింపు ముక్క ఇచ్చారు. అది లేని పాన్ కొంటే అడుగున ఉన్న ఆయిల్ తిరగడం తగ్గిపోతుంది. ఆ ముక్కకున్న రబ్బరు ఓ-రింగ్‌కి ఏటీఎఫ్ రాసి కూర్చోబెట్టండి, అది నలిగితే అక్కడ కూడా గాలే పీలుస్తుంది.

లెవెల్ చూడాల్సింది ఆయిల్ సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, బండి నాలుగు వైపులా సమంగా లేచి, ఇంజన్ ఆన్‌లో ఉండి, గేర్లన్నీ ఒకసారి తిప్పి వచ్చాక. చలి దేశాల్లో దీనికి తీరిగ్గా సమయం దొరుకుతుంది. మన ఆటోనగర్ షెడ్డులో ఎండాకాలం మధ్యాహ్నం గాలే 35 ఉంటుంది, ఇంజన్ స్టార్ట్ చేసి గేర్లు తిప్పేలోపే ఆ హద్దు దాటిపోతుంది. వేడెక్కి ఉబ్బిన ఆయిల్‌తో లెవెల్ చూస్తే అవసరానికి మించి కారిపోయి, చల్లారాక తక్కువ పడుతుంది. అందుకే బండిని ముందు రోజు సాయంత్రమే షెడ్డులో వదిలేసి తెల్లారగట్లే పని చేయించాను. ఫోన్లో టెంపరేచర్ చూస్తూ నేను అంకెలు చదువుతుంటే మేస్త్రి కింద ప్లగ్గు విప్పాడు.

బోల్టులు చిన్నవి, బలం చూపించే చోటు కాదు. సర్వీస్ మాన్యువల్లో ఇచ్చిన బిగింపు టార్క్‌కి, అది 10 న్యూటన్ మీటర్ల లోపే ఉంటుంది, టార్క్ రెంచితో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గాస్కెట్‌తో పాటు సిలికాన్ కూడా పూద్దామంటే వద్దనండి, లోపలికి పిండుకున్న సిలికాన్ ముక్క ఊడి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. గేర్‌బాక్స్ కేసింగ్ కూడా అల్యూమినియమే, కంపెనీ బోల్టులకి జింక్ పూత ఉంటుంది, వీలైతే అవే వాడండి. కిట్‌కి పొడుగు బోల్టులు కావాలంటే జింక్ పూత ఉన్నవే తీసుకోండి. మెరుస్తున్నాయని స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే మన ఉప్పు గాలికి వాటి చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి రాలడం మొదలవుతుంది.

బీఎండబ్ల్యూ లాంటి, జడ్ఎఫ్ కంపెనీ 8 స్పీడు గేర్‌బాక్స్ ఉన్న బళ్లలో పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దాంట్లోనే కలిసిపోయి ఉంటుంది. ఫిల్టర్ మార్చాలంటే పాన్ మొత్తం మార్చాలి. అలాంటివాటికి విడి ఫిల్టర్‌తో లోహపు పాన్ వేసుకోవడం నా దృష్టిలో హైలక్స్ కన్నా ఎక్కువ అర్థమున్న పని.

పాన్ వేయించాక మొదటిసారి పాడేరు వెళ్తున్నప్పుడు బావ పక్కనే ఉన్నాడు. ఎక్కుడు మొదలవగానే "ఒరేయ్, ఏసీ ఆపెయ్, బండి వేడెక్కిపోద్ది" అన్నాడు. ఆయన మాటలో నిజముంది, ఏసీ కండెన్సర్ వేడి కూడా ముందున్న కూలర్ మీదికే వస్తుంది. కానీ అంతకన్నా ఎక్కువ పనిచేసేది గేరు. డీలో వదిలేయకుండా, గేరు మనమే ఎంచుకునే ఎస్ మోడ్‌లో పెట్టి కింది గేరులో ఇంజన్‌ని కాస్త పైన తిప్పనిస్తే కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది. లారీ వెనక అంటుకుని పోకుండా కాస్త దూరం వదిలి, దారి దొరికినప్పుడు ఒక్క ఊపులో వెళ్లాలి. ఇలా నడిపితే కన్వర్టర్ రీడింగు పది డిగ్రీల పైనే తగ్గడం బావకి ఫోన్లో చూపించాను, దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. పైకి చేరాక వెంటనే ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఉంచితే ఆయిల్ కూలర్లోంచి తిరిగి దిగుతుంది.

వారంటీలో ఉన్న బండైతే పాన్ గాని కూలర్ గాని వేయించే ముందు సర్వీస్ సెంటర్‌లో మాట్లాడుకోండి, గేర్‌బాక్స్ క్లెయిమ్ తిరగ్గొట్టడానికి అదే కారణంగా చూపించవచ్చు. పాత పాన్, పాత గొట్టం, పాత బోల్టులు పారేయకుండా దాచుకోండి. బిగించాక మొదటి ఘాట్ తిరిగి వచ్చిన మర్నాడు పాన్ అంచు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చెమ్మ ఉందేమో చూసుకోండి, ఉంటే చల్లగా ఉన్నప్పుడు టార్క్ ఒకసారి సరిచూస్తే సాధారణంగా సరిపోతుంది. ఇసుజు వి-క్రాస్ ఆటోమేటిక్ ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు. లెక్క అదే, కొలతలు వేరు. మీ గేర్‌బాక్స్ నంబరుకి సరిపోయే పాన్, దానికి తగిన ఫిల్టర్ పొడిగింపు, లెవెల్ చూసే పద్ధతి, ఈ మూడూ అమ్మేవాడు స్పష్టంగా చెప్పగలిగితేనే డబ్బు కట్టండి.